ఏసీ వేస్తే చాలు ఇంజిన్ హీటెక్కుతోంది, ఇంకేం మార్చాలో మీరే చెప్పండి

బెజవాడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. నాది 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది, నేను రెండో ఓనర్‌ని. ఏప్రిల్ మొదటి వారంలో మొదలైంది ఈ గోల. ఏసీ లేకుండా ఎంత తిప్పినా ముల్లు సగం దగ్గరే కదలకుండా ఉంటుంది. అదే ఏసీ వేసుకుని ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఓ పావుగంట ఇరుక్కున్నానంటే ముల్లు మెల్లగా లేచి ఎర్రగీత దాకా పోతుంది. అప్పుడు ఏసీ కట్టేసి, అద్దాలు దించుకుని, వెనక సీట్లో పిల్లలు గోల పెడుతుంటే చెమటలు కక్కుకుంటూ ఇంటికి చేరడం.

ఇప్పటిదాకా కూలెంట్ మార్చారు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మార్చారు, రేడియేటర్ మూత మార్చారు, చివరికి వాటర్ పంపు కూడా మార్చారు. మొత్తం 11,400 అయ్యింది, సమస్య మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నిన్న గ్యారేజీలో ఏమన్నారంటే "హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది సార్, హెడ్ దించాలి, 25 వేలు దాటుద్ది" అని. అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు అట. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నిజంగా దించాలా?

గేర్‌బాక్స్_గిరి:
ముందు హెడ్ జోలికి పోకండి. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, నిదానంగా చూసి చెప్పండి. హైవే మీద 80లో వెళ్తుంటే ముల్లు దిగుతుందా, ఇంకా లేస్తుందా? రిజర్వాయర్‌లో కూలెంట్ మట్టం వారం వారం తగ్గుతోందా? ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మజ్జిగ నురగ లాంటిదేమైనా ఉందా? పొద్దున్నే స్టార్ట్ చేసేముందు రిజర్వాయర్ మూత తీసి, స్టార్ట్ చేసి చూడండి, ఆగకుండా బుడగలు వస్తున్నాయా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, వేడి మీద మూత ముట్టుకున్నారంటే మొహం కాలుద్ది.

ట్రాఫిక్‌లో లేచి హైవేలో దిగితే అది గాలి సమస్య. హైవేలో కూడా లేస్తే నీళ్ళ సమస్య, అంటే రేడియేటర్ లోపల పూడిపోవడమో, పంపో, థర్మోస్టాటో. ఈ ఒక్క ముక్క గ్యారేజీ వాళ్ళు మిమ్మల్ని అడిగారా అసలు?

పాత_అంబాసిడర్:
ఇంత దూరం ఎందుకండీ, థర్మోస్టాట్ పీకి పారేయండి. మా అంబాసిడర్‌కి 20 ఏళ్ళు థర్మోస్టాట్ లేదు, మే నెలలో కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని అన్నవరం పోయి వచ్చేవాళ్ళం. నీళ్ళు ఆగకుండా తిరుగుతుంటే ఇంజిన్ ఎందుకు వేడెక్కుద్ది?

రాజమండ్రి_రేడియేటర్:
పెద్దాయనా, మీ అంబాసిడర్‌కి ఏసీ ఉండేదా? కోప్పడకండి, ఊరికే అడిగాను 😀

థర్మోస్టాట్ తీసేస్తే ఇప్పటి ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉంది కాబోలనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ కొడుతూ ఉంటుంది. మైలేజీ పోయి, ప్లగ్గులు నల్లబడి, ఆర్నెల్లకి ఇంకో బిల్లు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారి మూసుకోవాలి, అసలు థర్మోస్టాటే లేకపోతే సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి తిరిగొస్తాయి. అప్పుడు హీటింగ్ ఇంకా పెరుగుతుంది. మా షాపుకి ఇలాంటి బళ్ళు నెలకి నాలుగైనా వస్తాయి.

తమ్ముడూ, కూలెంట్ మార్చామన్నారు కదా, కూలెంటే పోశారా, బోరు నీళ్ళలో రంగు కలిపి పోశారా? అది కూడా కనుక్కో.

బెజవాడ_కుర్రాడు:
గిరి గారూ, మీరడిగినవన్నీ చూశాను. గుంటూరు వైపు హైవే మీద 80లో ఏసీ వేసుకుని వెళ్ళాను, ముల్లు దిగింది. తిరిగొచ్చి కనకదుర్గ వారధి దగ్గర ట్రాఫిక్ తగలగానే మళ్ళీ లేచింది. కూలెంట్ మట్టం మార్కు పెట్టి నాలుగు రోజులు చూశా, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆయిల్ మూత కింద శుభ్రంగా ఉంది. పొద్దున బుడగలు ఓ రెండు వచ్చి ఆగిపోయాయి. కూలెంట్ మాత్రం కొన్న క్యాన్ నా కళ్ళ ముందే విప్పి పోశారు, రేడియేటర్ అన్నా.

గాలి సమస్య అంటే ఫ్యానే కదా. ఫ్యాన్ తిరుగుతోందండీ, కళ్ళారా చూశా. ఏసీ బటన్ నొక్కగానే బర్రున తిరుగుతుంది. అందుకే ఫ్యాన్ మీద నాకు అనుమానం లేదు. ఇంకోటి, సిగ్నల్ దగ్గర ఆగగానే లోపల ఏసీ కూడా గోరువెచ్చగా అయిపోతోంది, బండి కదిలితే మళ్ళీ చల్లగా వస్తోంది. ఇది వేరే సమస్యేమో.

ఎల్బీనగర్_ఏసీ:
వేరే సమస్య కాదు బ్రో, అదే సమస్య. ఏసీ కండెన్సర్ ఎక్కడుంటుంది? రేడియేటర్‌కి సరిగ్గా ముందు, గ్రిల్ వెనకాల. కారు లోపలి వేడంతా కండెన్సర్ దగ్గరే బయటికి పోవాలి, దాన్ని తాకి వేడెక్కిన గాలే వెనక రేడియేటర్‌కి అందుతుంది. పైగా ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ బరువు ఇంజిన్ మీద పడుతుంది. ఆగినప్పుడు ఏసీ చల్లదనం పోతోందంటే కండెన్సర్‌కి గాలి తగలట్లేదన్నమాట. రెండు జబ్బులు ఒకేసారి, ఒకే టైంలో వస్తున్నాయంటే మూలం ఒకటే అయ్యుంటుంది.

దగ్గర్లో ఏసీ షాపుకి పోయి గేజ్ పెట్టించు. బయట 40 డిగ్రీలుంటే, ఆర్‌134ఏ గ్యాస్‌తో ఆగున్న బండికి హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే వైపు గ్యాస్ ప్రెషర్) 250–300 పీఎస్‌ఐ మధ్య ఉంటే నాకు ఓకే. 350 దాటి ఎక్కుతుంటే మాత్రం కండెన్సర్ ఊపిరాడక కొట్టుకుంటోందన్నట్టు. అలాగే ఓ పని చెయ్యి, గేజ్ ఉండగానే కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు కొట్టించు, ప్రెషర్ ఢామ్మని పడిపోతే నేను చెప్పింది ఖాయం.

గల్ఫ్_రిటర్న్_జగిత్యాల:
నేను దుబాయిలో 9 ఏండ్లు డ్రైవర్‌గా చేసిన. జూలైల 48 డిగ్రీలల్ల గూడ బండ్లు ఏసీతోనే నడుస్తయి, గంటలకొద్ది ఆగి నడుస్తయి. ఎండలు ఎక్కువున్నయి అందుకే అని ఎవరన్న చెప్తే నమ్మకు తమ్మీ.

నాకొక బండికి గిట్లనే అయింది. ఫ్యాన్‌కు రెండు స్పీడ్లుంటయి, చిన్న స్పీడు రెసిస్టర్ మీద నుంచి పోతది. ఆ రెసిస్టర్ కాలిపోతే ఏసీ ఏసినా ఫ్యాన్ తిరగదు, ఇంజిన్ మస్తు వేడైనంక ఒకటేసారి పెద్ద స్పీడుల గర్రుమంటది. చిన్న సామాను, దానికోసం నాతోని పెద్ద పెద్దయి మార్పిచ్చిన్రు. నీ ఫ్యాన్ ఏసీ ఏస్తెనే తిరుగుతుందంటున్నవ్ గనుక ఇది కాకపోవచ్చు, అయినా చెప్పిన.

మళ్ళ ముల్లు లేస్తే ఏసీ బంద్ చేసి హీటర్ ఫుల్లు పెట్టు, బ్లోయర్ గూడ ఫుల్లు. లోపల కొలిమి లెక్కనే ఉంటది గానీ ఇంజిన్ వేడి కొంత గుంజుతది. అయినా దిగకపోతే పక్కకు ఆపుడే. ఎర్రగీత మీద నడిపితే అప్పుడు నిజంగనే హెడ్ దించుడైతది.

బెజవాడ_కుర్రాడు:
ఆటోనగర్‌లో గేజ్ పెట్టించాను. హై సైడ్ 310 దగ్గర మొదలై పది నిమిషాల్లో 370కి పోయింది. నీళ్ళు కొడితే 220కి పడింది! కానీ షాపతను "గ్యాస్ ఎక్కువైంది" అని కొంత వదిలేశాడు. ఇప్పుడు ఏసీ అసలే చల్లగా రావట్లేదు, హీటింగ్ అలాగే ఉంది. బ్రో, నీ మాట చెప్పాను గానీ వినలేదు.

ఓబీడీ స్కానర్ కూడా కొన్నా, ఫోన్‌కి కనెక్ట్ చేస్తే వేడి అంకెల్లో కనిపిస్తోంది. ఆగున్నప్పుడు ఏసీ లేకుండా 98 నుంచి 103 మధ్య ఊగుతోంది. గ్యాస్ వదలకముందు ఏసీ వేస్తే పన్నెండు నిమిషాల్లో 112కి పోయింది, అక్కడ కంప్రెసర్ దానంతటదే ఆగిపోయింది.

ఇంకో చిన్న విషయం, పనికొస్తుందో లేదో. నిన్న సాయంత్రం ఇంటి ముందు బండి లోపలికి పెడుతుంటే నాన్న ముందు నిలబడి సైగ చేస్తున్నారు. "ఏంట్రా ఇది, పంచె మీదికి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వేడి గాలి కొడుతోంది" అన్నారు. ఇంజిన్ అంత హీటెక్కుతోందన్నమాట.

గేర్‌బాక్స్_గిరి:
ఆగండాగండి. ఇందాకటి నుంచి మనందరం వెతుకుతున్నది మీ నాన్నగారు దొరకబుచ్చుకున్నారు.

ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని బయటి నుంచి లోపలికి లాగాలి. బంపర్ ముందు నిలబడ్డ మనిషికి వేడి గాలి తగలకూడదు. పంచెకి వేడి గాలి కొట్టిందంటే ఫ్యాన్ గాలిని ముందుకి ఊదుతోంది! ఈ మధ్య ఫ్యాన్ మోటార్ మార్చారా? లేక దాని వైరింగ్ ఎవరైనా ముట్టుకున్నారా?

ఇంకోటి, ఏసీ లేకుండా 103 దాకా పోతోందంటే అప్పుడు కూడా ఏమంత బాగా లేదన్నమాటే. చాలా కార్లలో ముల్లు అబద్ధాలాడుతుంది, 80 నుంచి 100 పైదాకా ఒకేచోట కదలకుండా నిలబడేలా కంపెనీ వాళ్ళే పెడతారు, డ్రైవర్ కంగారుపడకుండా. మీకు ఏప్రిల్‌లో మొదలైందనిపించింది గానీ, అసలు ఎప్పుడు మొదలైందో ముల్లుకే తెలియదు.

ఓ పరీక్ష చెయ్యండి, రూపాయి ఖర్చు లేదు. బండి ఆన్ చేసి ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు న్యూస్‌పేపర్ ఒక షీటు గ్రిల్ ముందు పట్టుకుని వదలండి. అతుక్కుంటే సరే. ఎగిరి మీ మీద పడితే దొరికినట్టే.

బెజవాడ_కుర్రాడు:
మీరడిగాక గుర్తొచ్చింది, చెప్పనేలేదు. సంక్రాంతికి ఊరెళ్ళేముందు ఫ్యాన్ మోటార్ బిగుసుకుపోతే మార్పించాను. కొత్త మోటార్ కంపెనీది కాదు, బయటిది, కనెక్టర్ సరిపోకపోతే ఎలక్ట్రీషియన్ వైర్లు కోసి అతికించి టేపు చుట్టాడు. ఆ చలిలో ఏసీ వెయ్యలేదు, తర్వాత కూడా ఎప్పుడైనా పొద్దున పూట ఆఫీసుకి వెళ్ళేటప్పుడే. ఆ సంగతే మర్చిపోయాను.

డల్లాస్_డ్రైవర్:
నాదొక డౌటు. ఫ్యాన్ రివర్స్‌లో తిరుగుతుంటే ఏసీ లేకపోయినా ఇంజిన్ మరిగిపోవాలి కదా? ఇక్కడ నా పాత పికప్‌లో ఫ్యాన్ క్లచ్ పోతే ఆగస్టు ఎండకి ఏసీ ఉన్నా లేకపోయినా పది నిమిషాల్లో పొగలే. ఈయనకి సగం పనిచేస్తోంది, అందుకే నాకు ఇంకా హెడ్ గ్యాస్కెట్ మీదే అనుమానం.

రాజమండ్రి_రేడియేటర్:
డల్లాస్ అన్నా, తిరగబడ్డ ఫ్యాన్ కూడా ఎంతో కొంత గాలి కదుపుతుంది. రేడియేటర్ గుండా గాలి ఏ వైపు నుంచి పోయినా వేడి తీస్తుంది, కాకపోతే రెక్కల వంపు ఉల్టా అవుతుంది కాబట్టి గాలి తక్కువ, అది కూడా ఇంజిన్ దగ్గర అప్పటికే కాగిన గాలి. జనవరిలో ఒక్క రేడియేటర్‌కి ఆ కాస్త సరిపోయింది.

ఇప్పుడు ఏసీ వేశాడనుకో. మామూలుగా అయితే ముందు కండెన్సర్‌కి బయటి గాలి, తర్వాత రేడియేటర్‌కి. ఇక్కడ ముందు రేడియేటర్ వేడి తీసుకున్న గాలి వెళ్ళి కండెన్సర్‌కి తగులుతుంది. 90 డిగ్రీల రేడియేటర్‌ని దాటొచ్చిన గాలితో కండెన్సర్ ఏం చల్లబడుతుంది? ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మొరాయిస్తుంది, ఆ బరువు ఇంజిన్ మీద, ఆ వేడి మళ్ళీ రేడియేటర్‌లోకి. గుండ్రంగా తిరుగుతుంది. నీళ్ళు కొట్టగానే 220కి పడిందంటే గ్యాస్ ఎక్కువ కాదు, వేడి పోయే దారి లేదు. హైవే మీద ఎదురుగాలి ఫ్యాన్‌ని ఓడిస్తుంది, అందుకే దిగుతోంది. అన్నీ కుదిరాయి.

గ్యాస్కెట్ పోతే కూలెంట్ తగ్గాలి, బుడగలు ఆగకుండా రావాలి, హైవేలో బరువు మీద ఇంకా ఎక్కువ లేవాలి. ఒక్కటీ లేదు.

డల్లాస్_డ్రైవర్:
సరే, ఒప్పుకున్నా. పేపర్ పరీక్ష కోసం ఎదురుచూస్తున్నా, ఇక్కడ అర్ధరాత్రి అయ్యింది అయినా 😂

బెజవాడ_కుర్రాడు:
పేపర్ ఎగిరింది!!!

ఆదివారం అనుబంధం మధ్య షీటు తీసుకుని గ్రిల్‌కి జానెడు దూరంలో పట్టుకున్నా. నాన్న ఏసీ వేశారు, టక్‌మని కంప్రెసర్ పడింది, ఫ్యాన్ బర్రుమంది, షీటు కింది అంచు నా వైపు లేచింది. వదిలేస్తే నా మోకాలికి కొట్టుకుని గేటు దాకా దొర్లింది. వీడియో తీయమంటే మా వాడు నవ్వుతూ ఫోన్ అటూ ఇటూ ఊపేశాడు, అందుకే పెట్టట్లేదు. 11,400 పెట్టాక ఓ పాత పేపర్ చెప్పింది అసలు సంగతి. ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు.

గేర్‌బాక్స్_గిరి:
ముందు బ్యాటరీ మైనస్ తీయండి. టేపు విప్పితే మోటార్‌కి వెళ్ళే రెండు వైర్లు కనిపిస్తాయి, అవి అటూ ఇటూ మార్చాలి. ఈ మోటార్లు డీసీ కదా, ప్లస్ మైనస్ మారిస్తే తిరిగే దిశ మారిపోతుంది. మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం మళ్ళీ వద్దు, ఫ్యాన్ గట్టిగా కరెంట్ లాగుతుంది, జాయింట్ వేడెక్కి కాలుద్ది. టంకం వేసి హీట్ స్లీవ్ తొడిగించండి. నాలుగు వైర్లు కనిపించినా, ఏదో బాక్సు లాంటిది కనిపించినా ఆగి ఫోటో పెట్టండి, సొంత తెలివి వద్దు. చేతులు రెక్కల దగ్గర పెట్టకండి, ఇంజిన్ ఆపేసినా కొన్ని బళ్ళలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

బెజవాడ_కుర్రాడు:
రెండే వైర్లు. వేరే ఎలక్ట్రీషియన్ దగ్గర చేయించా, 300 తీసుకున్నాడు. ఇప్పుడు పేపర్ గ్రిల్‌కి చప్పున అతుక్కుంటోంది, లాగితే గానీ రావట్లేదు. నాన్న వచ్చి స్వయంగా పంచెతో పరీక్షించి పాస్ చేశారు.

కానీ కథ అయిపోలేదు. ఏసీ లేకుండా 92–96, అద్భుతం. వదిలేసిన గ్యాస్ మళ్ళీ తూకం వేసి ఎక్కించారు, దానికి 900. మధ్యాహ్నం రెండింటికి, 43 డిగ్రీల ఎండలో, ఏసీ వేసి ఆపి ఉంచితే మెల్లగా 104కి వచ్చి అక్కడ నిలబడింది. ఎర్రగీత వైపు పోలేదు, హై సైడ్ 320. ఇది మామూలేనా, ఇంకేమైనా ఉందా?

రాజమండ్రి_రేడియేటర్:
ఇంకొంచెం ఉంది. ముందు బంపర్ విప్పించి, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోకి టార్చి వేసి చూడు. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, మురికంతా ఆ మధ్యలో పరుపులా పేరుకుంటుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఏ బండిలోనైనా ఉంటుంది. పైగా నీది నాలుగు నెలలు ఉల్టా ఊదింది, ఇంజిన్ వైపు దుమ్ము కూడా అక్కడికే చేరుంటుంది.

కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టనివ్వకు, ఆ పలచటి రేకులు దువ్వెన పళ్ళు వంగినట్టు వంగిపోతాయి, గాలి శాశ్వతంగా బంద్. మామూలు పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి, ఓపిగ్గా. రేడియేటర్ పై బోల్టులు విప్పి కొంచెం వెనక్కి వంచితే పైపు దూరుతుంది. ఇంకో సంగతి, రేడియేటర్ చుట్టూ అంచుల్లో నల్ల స్పాంజి పట్టీలుంటాయి, అవి ఉన్నాయో లేదో చూడు. అవి ఊడిపోతే ఫ్యాన్ ముందున్న చల్లగాలి బదులు పక్కనుంచి ఇంజిన్ వేడిగాలినే మళ్ళీ లాక్కుంటుంది. పని చేసేటప్పుడు పీకేసి, అనవసరం అని పారేస్తారు మనవాళ్ళు.

పాత_అంబాసిడర్:
ఈ స్పాంజి మాట మాత్రం నిజం. మా అంబాసిడర్‌కి సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టేవాడిని.

బెజవాడ_కుర్రాడు:
మొన్న ఆదివారం మూడు గంటలు అదే పని. టార్చి వేసి చూస్తే రేడియేటర్ మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది. దూది పింజలు, సీతాకోకచిలుకల రెక్కలు, ఎండిన వేపాకులు, ఓ చాక్లెట్ కాగితం అయితే మొదటి ఓనర్ కాలం నాటిది అనుకుంటా. నీళ్ళు కొడుతుంటే మొదట పది నిమిషాలు ఎర్రటి బురదే, చెరువులో గేదె లేచినట్టు. ఎడమ పక్క స్పాంజి పట్టీ అసలు లేదు, 60 పెట్టి కొత్తది తెచ్చి అతికించా.

ఈ రోజు ఫలితం: అదే టైము, అదే చోటు, ఎండ 42. ఏసీ ఫుల్లు, అరగంట ఆపి ఉంచా. 95 నుంచి 98 మధ్యే, ఒక్కసారి కూడా 100 దాటలేదు. హై సైడ్ 265. లోపల పిల్లలు చలేస్తోంది తగ్గించమన్నారు. గ్యారేజీకి ఫోన్ చేసి హెడ్ పని వద్దని చెప్పా, ఎందుకని అడిగితే ఫ్యాన్ ఉల్టా తిరుగుతోందని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేము కూడా అదే చూద్దామనుకున్నాం సార్" అన్నాడు.

గల్ఫ్_రిటర్న్_జగిత్యాల:
అదే చూద్దామనుకున్నరట 😂😂 గా 25 వేలతోని నాయనకు నాలుగు జతల మంచి పంచెలు కొనియ్యి తమ్మీ, మిగిలినయి దాచుకో.

కొత్త_సభ్యుడు_వరంగల్:
నాది డీజిల్ సెడాన్, నాకు కూడా ఏసీ వేస్తే హీట్ వస్తోంది. పేపర్ పరీక్ష చేశా, గట్టిగానే అతుక్కుంది. కానీ నాకు ఊళ్ళో బాగానే ఉంటుంది, హైదరాబాద్ హైవే ఎక్కి 100లో పోతేనే లేస్తోంది. నేను కూడా బంపర్ విప్పించాలా?

గేర్‌బాక్స్_గిరి:
మీది వేరే దారి. ఫ్యాన్ కాదు, ఎక్కువగా నీళ్ళ వైపు ఉంటుంది, రేడియేటర్ లోపల పూడిందేమో ముందు చూడాలి. వేరే టాపిక్ తెరవండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇప్పటిదాకా పోసింది కూలెంటా నీళ్ళా, స్కానర్ అంకెలు ఎంత, అన్నీ రాయండి. బంపర్ అప్పుడే విప్పకండి.